హనోకు పేపరు ఆగిన ఆదివారం

బోధన్ హనోకు బుర్రలోని చదువును తట్టుకోలేక కంప్యూటరే చేతులెత్తేసింది. రెండు గంటల పరీక్షను గంటా పంతొమ్మిది నిమిషాలకే ఆపేసి, "చాలు నాయనా, నిన్ను అడగడానికి నా దగ్గర ఇంక ప్రశ్నలు లేవు" అని తెర మూసుకుంది. నమ్మకం కుదరకపోతే కాలేజీ ఎదుట జిరాక్స్ దుకాణం నడిపే శాంతి కుమార్‌ని అడగండి, ఇంకో నాలుగు కలిపి చెబుతాడు. ఆ వేడికి లైబ్రరీ కిటికీ ఊచలు వంగాయట. గోడ మీది బల్లి మూడు రోజులు ఇంగ్లీషులో అరిచిందట. నిజామాబాద్ నుంచి వచ్చే బస్సులన్నీ సారంగపూర్ దగ్గరే నిలబడి, హనోకు పేపరు అయ్యాక కదిలాయట.

ఇంతటి మొనగాడు ఎలా ఉంటాడో చూద్దామని వెళ్తే, తుడుపు గుడ్డ భుజాన వేసుకుని నిచ్చెన మీద నిలబడ్డ నలభై ఒక్కేళ్ళ సన్నటి మనిషి కనిపిస్తాడు. జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఒకటి అడిగినవాళ్ళకు ఇవ్వడానికి. రెండోది రాయదు. కాబట్టి తప్పకుండా తిరిగి వస్తుంది.

ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హనోకు పద్నాలుగేళ్ళ కింద అటెండరుగా చేరాడు. రెండో ఏడు లైబ్రేరియన్ సారు నిజామాబాద్‌లో మంచి నౌకరీ దొరికి వెళ్ళిపోయాడు. ఆయన బదులు ఎవరినీ వేయలేదు. హనోకే తాళం తీసేవాడు, దుమ్ము దులిపేవాడు, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాడు, కానీ సారు కుర్చీలో మాత్రం కూర్చునేవాడు కాదు. దాని పక్కన స్టూలు వేసుకుని ఏడాది పొడుగునా అలాగే నడిపాడు. ఒకనాడు స్టూలు కాలు విరిగింది. అలా కుర్చీ ఎక్కాడు తప్ప, రమ్మని ఎవరూ పిలవలేదు.

పుస్తకాలు సర్దే పద్ధతి కూడా అతని సొంతమే. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళవి ఫ్యాను కింద, వాళ్ళు ఎక్కువసేపు కూర్చుంటారు గనక. పంటల పుస్తకాలు గుమ్మం దగ్గర, పొలం నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పే పని లేకుండా. ప్రేమకథలు తలుపు వెనక, అడగడానికి సిగ్గుపడేవాళ్ళు తమంతట తామే తీసుకోవడానికి. నంబర్లు లేవు, చీటీలు లేవు. ఏ పుస్తకం కావాలన్నా అటు చూడకుండానే చెయ్యి చాచి తీసేవాడు.

నిరుడు వానాకాలంలో ప్రిన్సిపాల్ రాజశేఖర్ సారు పిలిచాడు.

"హనోకూ, వచ్చే జూన్ల తనిఖీకి వస్తరట. లైబ్రరీ నడిపేటోళ్ళకు లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఉండాలె. నీకేమున్నది?"

"బీఏ ఉన్నది సార్. పద్నాలుగేండ్ల అనుభవం ఉన్నది."

"అనుభవానికి సర్టిఫికెట్ రాదు గదయ్యా. అందరు ఆన్‌లైన్ల చేస్తున్నరు, నువ్వు గూడ చెయ్యి. జూన్ దాక నీ కుర్సీ దిక్కు ఎవ్వల్ని రానియ్య. అటెన్క నా చేతుల లేదు."

రాజశేఖర్ సారు చెడ్డవాడు కాదు. చేతుల్లో లేనివి కాస్త ఎక్కువగా ఉన్నవాడు, అంతే.

ఎక్కడో దూరాన ఉన్న ఒక యూనివర్సిటీలో ఏడాది కోర్సుకు హనోకు పేరు నమోదైంది. క్లాసు సాయంత్రం నాలుగింటికి, సరిగ్గా లైబ్రరీకి జనం వచ్చే వేళకు. ఫోన్‌ను రెండు డిక్షనరీల మధ్య నిలబెట్టి, ఒక చెవిలో తీగ పెట్టుకుని, రెండో చెవి పిల్లలకు వదిలేసేవాడు.

"అన్నా, పాలిటీ బుక్కు ఏడున్నదే?"

"ఫ్యాన్ కింద, ఎర్ర అట్టది."

"అన్నా, గా బాత్‌రూం తాళం ఇయ్యవా, జల్ది!"

"మేకుకున్నది తీస్కపో. వచ్చేటప్పుడు బకెట్ల నీళ్ళు పొయ్యి!"

ఆ రోజు మైకు ఆపడం మరిచాడు. గ్రంథాలయాల చరిత్ర చెబుతున్న మేడం ఆగిపోయింది. దేశంలోని నాలుగు వందల మంది విద్యార్థులు బకెట్ గురించి విన్నారు. వారం రోజుల దాకా హనోకు చాట్‌లో ఒక్క అక్షరం రాయలేదు. మొత్తం దేశం నీళ్ళు పోసిందని శాంతి కుమార్ ఇప్పటికీ చెబుతాడు.

చదువు మాత్రం తలకెక్కింది. ప్రపంచంలోని పుస్తకాలన్నింటికీ నంబర్లుంటాయని, ఏ దేశంలోనైనా అదే విషయం అదే నంబరు కింద దొరుకుతుందని తెలిసిన రోజు, కాలేజీ గేటు దాటి జిరాక్స్ దుకాణం దాకా పరుగెత్తినంత పని చేశాడు.

"శాంతీ, చెరకు సాగు ఆరు వందల ముప్పై మూడుల ఉంటదిరా. చక్కెర తయారు చేసుడు ఆరు వందల అరవై నాలుగుల. రెండు వేరే వేరే బీరువాలు!"

"కొత్తేమున్నదన్నా గండ్ల?" అన్నాడు శాంతి కుమార్ కాగితాలు సర్దుతూ. "మన ఊర్ల గూడ గంతే గదా. చెరకు గీడ పండుతది, చక్కెర ఇంకోకాడ అయితది. ఆ నంబర్లు పెట్టినాయన బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డదని ముందే ఇన్నడు."

హనోకు నవ్వలేదు. వాళ్ళ నాయన ఆ ఫ్యాక్టరీలోనే పని చేసి పోయాడు. తల్లి శారమ్మ చెరకు తోటల్లో ఆకు కోసింది. ఆమె ముంజేతుల మీద చెరకు ఆకు గీరిన తెల్లటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళయ్యాక చర్చిలో అక్షరాలు నేర్చుకుని, అదే చేతి వేలితో బైబిలు వరుసల కింద గీసుకుంటూ కొడుక్కి చదవడం నేర్పింది. గట్టిగా చదవాలి. అలసిపోతే పెదవులైనా కదపాలి. "నోట్లకెళ్ళి రానిది తలకాయలకు పోదు" అనేది. అందుకే హనోకు ఇవాళ్టికీ పెదవులు కదపకుండా ఒక్క వాక్యం చదవలేడు. పేపరు చదివినా, బస్సు బోర్డు చదివినా లోపలేదో గొణుగుతున్నట్టే ఉంటుంది.

ఇంతలో ఏప్రిల్ వచ్చింది. చివరి పరీక్ష. తేదీ చూసి శారమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఆదివారం పొద్దుగాల పదకొండు గంటలకా? ఆరాధన యాళ్ళకు పరీక్ష పెట్టినోడు ఎవ్వడురా? ఆనికి తల్లి లేదా?"

"ఆన్‌లైన్ అవ్వా. ఆళ్ళకు అన్ని దినాలు ఒక్కటే."

"నువ్వు పుట్టినకాడికెళ్ళి ఒక్క ఆదివారం తప్పలే. జరమొచ్చినా తీస్కపోయిన."

"గీ ఒక్కటి అవ్వా. గిది పాసైతే కుర్సీ ఉంటది. లేకుంటే పోతది."

ఆమె ఇంకేం అనలేదు. అనకుండా ఊరుకుందంటే ఆలోచిస్తోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. హనోకుకూ తెలుసు. కానీ ఆ వారం అతని తలలో నంబర్లు తప్ప ఇంకేం లేవు.

పరీక్ష నియమాలు శాంతి కుమార్ దుకాణంలో అచ్చు తీయించుకున్నాడు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. కళ్ళు తెర మీదే ఉండాలి. మాట్లాడకూడదు. ముఖం మీద వెలుతురు బాగా పడాలి. కెమెరా చూస్తూ ఉంటుంది. మూడు తప్పులైతే పరీక్ష ముగిసినట్టే.

"చూసేది మనిషా, మిషినా?" అడిగాడు హనోకు.

"మిషినే."

"మరి జర చెప్పుకుంటే ఇంటదా?"

"మిషినన్నా!" అన్నాడు శాంతి కుమార్.

ఇంట్లో నెట్ సరిగా రాదు. అందుకని ఆదివారం కాలేజీ ఖాళీగా ఉంటుందని లైబ్రరీలోని కంప్యూటర్ మీదే రాయడానికి సారు అనుమతి ఇచ్చాడు. ముఖం మీద వెలుతురు కోసం హనోకు బల్లను ఎడమ కిటికీకి ఆనించి జరిపాడు. ఎవరూ లోపలికి రాకుండా వాచ్‌మన్ ఎర్రన్న చేత బయటి నుంచి తాళం వేయించాడు. "ఒంటి గంటకు తియ్యే, గప్పటి దాక దేవుడొచ్చినా తియ్యకు" అన్నాడు. ఎర్రన్న సరేనని తాళం చెవి మొలకు దోపుకుని అన్నానికి ఇంటికి వెళ్ళాడు.

అన్నీ చూసుకున్నాడు పాపం. కిటికీ రెక్కలు మూయడం ఒక్కటే చూసుకోలేదు. మూస్తే చీకటి.

పదకొండింటికి మొదటి ప్రశ్న వచ్చింది. హనోకు కళ్ళు మూసుకున్నాడు. ఇది అతను ఆలోచించి చేసిన పని కాదు. అన్నం ముందు, ప్రయాణం ముందు, కొత్త బీరువా తెరిచే ముందు ఏం చేస్తాడో అదే చేశాడు. అర నిమిషం ప్రార్థించి కళ్ళు తెరిచేసరికి తెర మీద ఎర్రటి పెట్టె: అభ్యర్థి తెర వైపు చూడటం లేదు. మొదటి హెచ్చరిక.

నుదురు తుడుచుకుని ముందుకు సాగాడు. ఏడో ప్రశ్న పొడవైనది. రెండో వరుసకు రాగానే మళ్ళీ ఎర్ర పెట్టె: అభ్యర్థి మాట్లాడుతున్నారు. రెండో హెచ్చరిక. అతను మాట్లాడలేదు. చదివాడు.

ఆ తర్వాత హనోకు కింది పెదవిని పంటి కింద పెట్టుకుని రాశాడు. నలభై ఏళ్ళు దాటేదాకా నోటితో చదివిన మనిషి కళ్ళతో చదవడం ఆ గంటలోనే నేర్చుకున్నాడు. ఒక్కో ప్రశ్న రెండుసార్లు, మూడుసార్లు. ఇరవై అయ్యాయి. ముప్పై అయ్యాయి. చెమట గడ్డం దాకా కారినా తుడుచుకోలేదు, చెయ్యి అడ్డం వస్తే ఏమంటుందోనని. నలభై రెండోది నొక్కేసరికి గెలుస్తానని మొదటిసారి అనిపించింది. అరవైలో ఇంక పద్దెనిమిదే.

అప్పుడే కిటికీ బయట ఎండుటాకులు చప్పుడయ్యాయి.

ఆ ఉదయం చర్చిలో పాస్టరు అయ్యగారు "మన సహోదరుడు హనోకు పరీక్ష కొరకు ప్రార్థించండి" అని ప్రకటించాడు. ఆరాధన అయ్యాక శారమ్మ లేచి, ఇక్కడి నుంచి కాదు, వెళ్ళి ప్రార్థిద్దామంది. అయ్యగారు తెలివైన మనిషి. "పాటలొద్దు, గడబిడ ఒద్దు. రాస్తుండు గదా, మెల్లగ పోయి మనసులనే ప్రార్థన చేసుకొని వద్దాం" అన్నాడు. అలాగే వచ్చారు. అయ్యగారు, శారమ్మ, స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు. చప్పుడు కాకూడదని గేటు దగ్గరే చెప్పులు విప్పి, మండే ఎండలో ఉత్తి కాళ్ళతో మునివేళ్ళ మీద నడిచి వచ్చి కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. తలలు వంచారు. అంత జాగ్రత్తగా ఎవరూ ఎవరి పరీక్షకూ వచ్చి ఉండరు.

కానీ తల మీద చెయ్యి పెట్టకుండా చేసింది ప్రార్థన ఎలా అవుతుంది?

తెర మూలన ఉన్న చిన్న పెట్టెలో హనోకుకు తన ముఖం కనిపిస్తోంది. ఆ ముఖం పక్కన ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి రావడం కనిపించింది. ముంజేతి మీద తెల్లటి గీతలు.

వద్దనడానికి నోరు తెరిస్తే మాట్లాడినట్టు. తల తిప్పితే చూడనట్టు. పక్కకు జరిగితే ముఖం కెమెరా నుంచి తప్పిపోతుంది. చేత్తో ఆ చేతిని నెట్టడమా? అది ఆలోచనలోకి కూడా రాలేదు. అతను కదలకుండా, రెప్ప వేయకుండా, పెదవి పంటి కిందే పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి వచ్చి నడినెత్తిన ఆనింది. వెచ్చగా, బరువుగా. కాసేపు ఉండి వెళ్ళిపోయింది.

ఎర్ర పెట్టె ఈసారి తెరంతా పరుచుకుంది. గదిలో రెండో మనిషి. పరీక్ష ముగిసింది. పన్నెండు గంటల పంతొమ్మిది నిమిషాలు.

బయట మునివేళ్ళ అడుగులు మెల్లగా దూరమయ్యాయి. ఎర్రన్న రావడానికి ఇంకా నలభై ఒక్క నిమిషాలున్నాయి. తాళం బయట ఉంది. తిన్నగా వెళ్ళి తలుపు బాదినా వినేవాళ్ళు లేరు. హనోకు కొంతసేపు ఆ తెరనే చూశాడు. తర్వాత లేచి, శనివారం వాపసు వచ్చిన పుస్తకాలు తొమ్మిది ఉంటే వాటిని వాటి చోట్లలో పెట్టాడు. ఎర్రన్న తాళం తీసి, "ఎట్ల రాసినవే?" అంటే, "అయిపోయింది" అన్నాడు.

ఇంట్లో శారమ్మ కోడి కూర వండి ఎదురు చూస్తోంది.

"నా సెయ్యి తగిలినంక మంచిగ రాసినవా కొడుకా?"

"రాసిన అవ్వా."

"ఎనక్కి తిరిగి సూడలే నువ్వు. గట్ల మనసు పెట్టి రాయాలె" అని ఇంకో ముక్క వేసింది.

మర్నాడు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, ఇరవై నిమిషాలు పాట వినిపించింది. చివరికి ఒక అమ్మాయి.

"సర్, అది సిస్టం తీసుకున్న నిర్ణయం సర్. గదిలో రెండో వ్యక్తి ఉన్నారు."

"గదిల లేదమ్మా, కిటికీ అవుతల ఉన్నది. మా అవ్వ. ఆమెకు లైబ్రరీ సైన్స్ రాదు."

"అప్పీల్ ఫారం పంపండి సర్. ఏడు రోజులు టైం ఉంది."

ఫారం వచ్చింది. శాంతి కుమార్ అచ్చు తీసి, ఇవతలికి ఇవ్వకుండా నిలబడి చదివాడు. రెండో మనిషి పేరు, అభ్యర్థికి ఏమవుతారు, ఎందుకు వచ్చారు. కింద, తన వల్లనే పరీక్షకు భంగం కలిగిందని ఒప్పుకుంటూ ఆ మనిషి సంతకం. అది లేకపోతే అప్పీల్ తీసుకోరు. ఏడాది దాకా మళ్ళీ పరీక్షకు కూర్చోనివ్వరు.

"అవ్వ సంతకం చేస్తదిగా అన్నా," అన్నాడు శాంతి కుమార్. ఈసారి కోతలేం కోయలేదు.

చేస్తుంది. కానీ శారమ్మ ఒట్టిగా సంతకం చేసే మనిషి కాదు. ఎప్పుడో మామగారు చదవని కాగితం మీద వేలిముద్ర వేసి అర ఎకరం పోగొట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు దాన్ని గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాలి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పాలి. కరెంటు ఆఫీసువాళ్ళు వచ్చినా, బ్యాంకువాళ్ళు వచ్చినా అంతే.

భార్య ఆశా నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో పని చేస్తుంది. బస్సు దిగి వచ్చి, ఫారం చూసి, గొంతు తగ్గించి అంది.

"చదివి చెప్పు. అత్తమ్మ రెండు దినాలు ఏడుస్తది. కుర్సీ పోతే నువ్వు జిందగీ అంత ఏడుస్తవు."

"రెండు దినాలు కాదు ఆశా. ఇగ ఎవ్వల నెత్తి మీద చెయ్యి పెట్టదు ఆమె."

ఆశా ఫారం తిరిగి అతని చేతిలో పెట్టింది. ఆమె కాన్పులకూ, జ్వరాలకూ, పిల్లల బడి మొదటి రోజుకూ ఆ చెయ్యే ముందు వచ్చింది.

ఐదో రోజు సాయంత్రం హనోకు ఫారం పట్టుకుని తల్లి మంచం పక్కన కూర్చున్నాడు. శారమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఏం కాయిదం రా? సదువు."

అతను మొదటి వరుస మీద వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"గట్టిగ సదువు బిడ్డా. నోట్లకెళ్ళి రానిది..."

"ఏం లేదవ్వా, లైబ్రరీ కాయిదం. తప్పు కాయిదం తెచ్చిన" అని మడిచి జేబులో, రెండు పెన్నుల వెనక పెట్టుకున్నాడు.

ఏడో రోజు ఆదివారమే. హనోకు తల్లి పక్కన నిలబడి అన్ని పాటలూ పాడాడు. ఇంటికి వచ్చేసరికి గడువు దాటింది.

జూన్‌లో సుష్మ వచ్చింది. వర్ని వైపు పిల్ల, యూనివర్సిటీకి వెళ్ళి చదివిన డిగ్రీ, నెమ్మదస్తురాలు. ఆమె వచ్చే రోజు పొద్దున్నే హనోకు కుర్చీ తుడిచి, దాని పక్కన కొత్త స్టూలు వేసుకున్నాడు. "అన్నా, మీరు కూర్చోండి, నేను ఇటు కూర్చుంటా" అందా పిల్ల మొహమాటంగా. "లేదమ్మా, అది లైబ్రేరియన్‌ది" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఆమె పుస్తకాల మధ్య తిరిగి తిరిగి, చివరికి చెరకు పుస్తకం ఎక్కడుందని అడిగింది. హనోకు అటు చూడకుండానే తీసిచ్చాడు. నంబరు కూడా చెప్పాడు.

కొత్త మేడం సంగతి చర్చికి చేరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర శారమ్మ కొడుకుని నిలదీసింది. చుట్టూ స్త్రీల సమాజం, పక్కనే అయ్యగారు.

"కుర్సీల ఎవరో పిల్ల కూసున్నదట. మరి నువ్వు పాస్ గాలేదా? మంచిగ రాసిన అంటివి గద?"

ఫారం అచ్చు తీసిన శాంతి కుమార్‌కు సంగతంతా తెలుసు. అతనిదీ ఆ చర్చే. గబుక్కున మధ్యలో దూరాడు.

"అవ్వా, మీ కొడుకు పాస్ గాకపోవుడేంది? అన్న బుర్రకు కంప్యూటరే ఓడిపోయింది! గంటా పంతొమ్మిది నిమిషాలకే చేతులెత్తేసింది. ఇగ అడగనీకి నా దగ్గర ప్రశ్నలు లేవు నాయనా అని ఆగిపాయె. ఆగిపోయిన పేపర్కు మార్కులు ఎట్లేస్తరు? కిటికీ ఊచలు గూడ వంగినయ్, కావాలంటే పోయి సూడు!"

ఆడవాళ్ళు నవ్వారు. అయ్యగారూ నవ్వాడు. శారమ్మ నవ్వలేదు. లెక్క కట్టుకుంటున్నట్టు కుడి చెయ్యి ఒకసారి చూసుకుని కొడుకు ముఖంలోకి చూసింది.

"గంటా పంతొమ్మిది అంటే... మేమొచ్చిన యాళ్ళనే గద రా. నేను సెయ్యి పెట్టినంకనే ఆగిందా?"

శాంతి కుమార్ దగ్గర కోతలు అయిపోయాయి. హనోకు తల్లి చెయ్యి పట్టుకుని గేటు మెట్టు దించుతూ చెప్పాడు.

"ఆడు అన్నీ కోతలు కోస్తడవ్వా. గట్లేం లేదు. మీరు పోయినంక కరెంటు వోయింది. పేపర్ ఆగింది. గంతే."